ఉతకకూడని కోటు

నేను ఒక కోటును. ముదురు నీలం రంగు, లోపల మెరిసే లైనింగు, ముందు మూడు గుండీలు. వాటిలో ఒకటి ఊడిపోతే వేరే రంగుది కుట్టారు. హనుమకొండలో వీసాకు దరఖాస్తు పెట్టుకునే పిల్లల్లో నన్ను ఎరగనివాళ్లు లేరు. 'లక్కీ కోటు' అని చేతులెత్తి దండం పెడతారు. దగ్గరికి రాగానే ముక్కు మూసుకుంటారు.

సుదర్శన్ అనే పెళ్లికొడుకు రిసెప్షన్‌కు వేసుకోవడానికి చౌరస్తాలో ఒక టైలరు నన్ను కుట్టాడు. పెళ్లి హడావుడి తీరాక సుదర్శన్ నన్ను తొడుక్కుని పైచదువుల వీసా కోసం వెళ్లాడు. ఇవ్వలేదు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ ఇవ్వలేదు. వీసా దొరకని మనిషి ఏం చేస్తాడు? పదిమందికి వీసాలు ఇప్పించే ఆఫీసు తెరిచాడు. ఈత రానివాడు ఈత నేర్పుతానన్నట్టుందని మీరు నవ్వుతారేమో. 'గగనవిహారి ఓవర్సీస్' అని రంగుదీపాల బోర్డు వెలిగాక ఆ సంగతి అడిగిన నాథుడే లేడు.

మొదట్లో కోటు లేని ఒక కుర్రాడు నన్ను అడిగి తీసుకుని ఇంటర్వ్యూకు వెళ్లాడు. వాడికి వీసా వచ్చింది. తర్వాత ఇంకొకడికీ వచ్చింది. అంతే, నాకు మహిమ పట్టింది. నన్ను వేసుకుని వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్లు లేరా? బోలెడుమంది. వాళ్లు నన్ను తలుపు వెనక చప్పుడు చేయకుండా తగిలించి వెళ్లిపోయేవారు. వస్తే కోటు గొప్ప, రాకపోతే పిల్లల తప్పు. ఇంత సుఖమైన ఉద్యోగం ఏ గుమాస్తాకైనా దొరికిందా?

దానికి ఒకటే నియమం. నన్ను ఉతకకూడదు. "ఉతికితే లక్కు పోతది" అని సుదర్శన్ సార్ శాసనం. కాబట్టి ఎన్నో బ్యాచ్‌ల పిల్లల చెమట నా చంకల్లో అట్టకట్టింది. వాళ్లు బట్టీపట్టిన జవాబులు కూడా నా కాలరుకు అలాగే అంటుకున్నాయి. "ఆ విశ్వవిద్యాలయంలో ప్రపంచస్థాయి అధ్యాపకులున్నారు, చదువు కాగానే తిరిగొచ్చి దేశసేవ చేస్తాను." నోరొకటి లేక ఆగాను గానీ, ఉంటే ఆ వీసా ఏదో నాకే వచ్చేది.

ఇలా ఉండగా రవళి వచ్చింది. వాళ్ల నాయన వరంగల్ మిర్చి యార్డులో కాంటా వేస్తాడు. ఆ పిల్ల చిన్నప్పటి నుంచి ఆ బస్తాల మధ్య తుమ్ముతూ పెరిగింది. వానకు తడిసిన మిర్చికి లోపల బూజు పడితే పైకి కనబడదు. వ్యాపారి ఒక కాయ విరిచి చూసి, పెదవి విరిచి వెళ్లిపోతాడు. రైతు ఆ రాశి పక్కనే కూలబడతాడు. ఆ బూజును ముందే కనిపెట్టే చదువు చదవాలని రవళి కోరిక. మొదటిరోజే ఆ మాట సార్‌కు చెప్పింది.

"మిర్చి ముచ్చట అక్కడ ఎవరికి గావాలె? నేను ఇంగ్లిష్ల రాసిస్త, బట్టీ పట్టు" అన్నాడు సార్.

పట్టింది. నన్ను తొడుక్కుని రెండుసార్లు వెళ్లి చిలక పలుకులు పలికింది. రెండుసార్లూ వీసా లేదని పాస్‌పోర్టు చేతిలో పెట్టి పంపించారు. మొదటిసారి కింది గుండీ పెట్టుకోలేదన్నాడు సార్. రెండోసారి గేటు ముందు తుమ్మిందన్నాడు. ఇక మూడోసారి. విశ్వవిద్యాలయం వాళ్లు సీటును ఒకసారి వాయిదా వేశారు, ఇంకోసారి కుదరదని తేల్చి చెప్పారు. ఈసారి రాకపోతే ఆ చదువు కల్ల. ఆ పిల్ల నన్ను మడతపెట్టుకుని హైదరాబాదులో మేనత్త కౌసల్య ఇంటికి చేరింది.

ఆ సాయంత్రం రవళి కొత్త ఫోటోలు దిగడానికి బయటికి వెళ్లింది. కౌసల్య సంచి తెరిచి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇది కోటా, చచ్చిన ఎలుకా?" అని నన్ను ఎత్తి సబ్బునీళ్ల బకెట్లో ముంచింది.

అబ్బ! ఏమని చెప్పను! పుట్టి బుద్ధెరిగాక అది నా మొదటి స్నానం. నీళ్లు కాటుక రంగుకు తిరిగాయి. బ్రష్షు పెట్టి తోముతుంటే ఎందరి భయాలో నాలోంచి ఊడి మోరీలోకి పోయాయి. నాకు ఏడుపొచ్చినంత హాయి కలిగింది.

రవళి తిరిగొచ్చి తీగ మీద నన్ను చూసి గడపలోనే కూలబడింది.

"ఎంత పని జేసినవ్ అత్తమ్మా! లక్కంత పాయె!"

"పోయింది మురికే బిడ్డా" అంది కౌసల్య. ఆమెకు వీసా మర్యాదలు తెలియవు.

వానాకాలం. తెల్లారినా నేను ఆరలేదు. ఇస్త్రీ పెడితే ఆవిరి వచ్చిందే గానీ తడి పోలేదు. రవళి నన్ను వదలలేక, పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, కవర్లో పెట్టుకుని తీసుకెళ్లింది. కవర్లు లోపలికి తేకూడదన్నాడు వీసా ఆఫీసు గేటు దగ్గరి కాపలాదారు. ఆ పిల్ల పాత చుడీదార్‌తోనే లోపలికి నడిచింది. కౌసల్య నన్ను ఎదుటి ప్రహరీ గోడ మీద పరిచి పక్కన నిలబడింది.

గోడ మీద ఎండలో పడుకుని నేను మొదటిసారి భయపడ్డాను. నాలో ఏ మహిమా లేదని నాకు తెలుసు. కానీ ఉందని నమ్మిన ఆ పిల్ల ధైర్యమంతా నాతోపాటు బయటే ఉండిపోయింది కదా!

చాలాసేపటికి వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"పాస్‌పోర్టు ఉంచుకున్నరత్తమ్మా!"

"అయ్యో, అది గూడ గుంజుకున్నరా!" అని కౌసల్య గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఉంచుకుంటే వీసా ఇచ్చినట్టే" అంటూనే రవళి ఏడ్చేసింది. "ఈ చదువే ఎందుకని ఆఫీసర్ అడిగిండు. సార్ రాసిచ్చినదాంట్ల ఒక్క ముక్క యాదికి రాలే. నా పానమంత ఈ కోటు మీదనే ఉండె. ఏం తోచక మిర్చి ముచ్చట జెప్పిన. నాయిన కాంటా జెప్పిన, వాన జెప్పిన. ఆయన టైపు కొట్టుడు ఆపి, బూజు ఎట్ల కనుక్కుంటవని అడిగిండు."

నాకు ఎంత సంతోషమైందో! నేను ఏమీ చేయకుండా జరిగిన మేలు అది. అందుకే ఇంకా సంతోషం.

రవళి హనుమకొండలో సార్ ఆఫీసుకు వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. కోటు వేసుకోలేదని, అది గోడ మీద ఆరుతున్నదని, మిర్చి సంగతే చెప్పానని. సుదర్శన్ సార్ కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

"అంటే కోటు ఏస్కోవద్దన్నట్టు. తడిపి, ఆ గోడ మీదనే ఆరెయ్యాలె. పక్కన మేనత్త నిలవడాలె."

ఆ రోజు నుంచి నేను తడుస్తూనే ఉన్నాను. రవళి జవాబును సార్ ఇంగ్లిష్‌లో అచ్చువేయించి అందరికీ పంచాడు. కంప్యూటర్ల చదువుకు వెళ్లేవాడు మిర్చి బూజు గురించి చెప్పాడు. బ్యాంకు మేనేజరు కొడుకు తన తండ్రి కాంటా వేస్తాడని చెప్పాడు. ఆ బ్యాచ్‌లో ఒక్కరికీ వీసా రాలేదు. ఒకడు మేనత్త దొరక్క చిన్నమ్మను నిలబెట్టాడట, దానివల్లేనని సార్ తేల్చాడు.

తడిసి తడిసి నేను కుంచించుకుపోయి చిన్నపిల్లాడి చొక్కాలా తయారయ్యాను. ఇప్పుడు ఆఫీసులో అద్దాల పెట్టెలో ఉన్నాను. మెడలో చమ్కీ దండ, ముందు ఊదుబత్తి. పక్క గోడకు రవళి ఫోటో. అక్కడి ప్రయోగశాలలో తెల్లకోటు వేసుకుని నవ్వుతోంది. ఆ కోటును మాత్రం రోజూ ఉతుకుతారట.

నిన్న శ్రావ్య అనే పిల్ల వచ్చింది. తమ్ముడికి పుట్టుచెవుడట. వాడికి మాటలు నేర్పాలని తనే సైగలు, బొమ్మలు కనిపెట్టిందట. చెవి వినబడని పిల్లలకు మాట నేర్పే చదువు చదువుతానంది. చెబుతుంటే ఆ పిల్ల చేతులు కూడా మాట్లాడుతున్నాయి. అద్దం వెనక నేను, ఇదే చెప్పు తల్లీ, అక్కడ కూడా ఇట్లాగే చెప్పు అని మొత్తుకున్నాను.

సుదర్శన్ సార్ సొరుగులోంచి అచ్చుకాగితం తీసి ఆమె ముందుకు తోశాడు.

"మీ తమ్ముని ముచ్చట అక్కడ ఎవరికి గావాలె? మిర్చి ముచ్చట బట్టీ పట్టు."