రెండు రేజర్లు, ఒక బ్లేడు

మా మామయ్యకు ఈ లోకంలో ఇష్టమైనవి రెండే. ఒకటి మా పెద్దపిల్ల, రెండోది పాత రేజర్లు. ఈ రెండూ రోజూ పొద్దున్నే ఒకే అద్దం ముందు చేరతాయి. నా ప్రాణానికి వచ్చిన చిక్కల్లా అదే.

రేజర్లంటే వాడి పారేసే ప్లాస్టిక్‌వి కావు. ఒకవైపే పదునుండే బ్లేడు పట్టే పాతకాలపువి. ఆ బ్లేడుకు ఒక అంచు పదును, రెండో అంచు కత్తి వెన్నులా మందం. రేజరు తల డబ్బీ మూతలా పైకి లేస్తుంది. బ్లేడు లోపలికి జరిపి మూత నొక్కితే టిక్కుమంటుంది. వాటిలో చాలావరకు మామయ్య కన్నా వయసులో పెద్దవే. పాత సామాన్ల కొట్లో మేకుల డబ్బాలు తిరగేసి ఏరుకొస్తారు. అరిగిపోయిన పళ్ల బ్రష్షుతో తుప్పు తోమి, ఇత్తడి మెరిసేదాకా రుద్ది, అద్దాల బీరువాలో వరసగా పేరుస్తారు. పేర్చి ఊరుకోరు, రోజుకొక దానితో వంతులవారీగా గడ్డం గీసుకుంటారు.

"వాడకపోతే అలుగుతాయమ్మా" అంటారు.

"పెళ్లైనప్పట్నుంచీ నేను అలిగే ఉన్నాను, పట్టించుకున్న నాథుడు లేడు" అని వంటింట్లోంచి అత్తయ్య అందుకుంటారు.

మా పెద్దదాన్ని ఇంట్లో అందరం పిడుగు అంటాం. ఇంకా బడికి వేయలేదు. తాత గడ్డం గీసుకుంటుంటే పక్కన ముక్కాలి పీట ఎక్కి తానూ ముఖమంతా నురగ పూసుకుంటుంది. దాని చేతికి చిన్న రేజరు ఒకటి ఇచ్చారు, బ్లేడు లేకుండా. తాత ఎలా చేస్తే అలా. తలను బుగ్గకు ఆనించాలి, నొక్కకూడదు, రేజరు బరువే రేజరుకు చాలు. నురగంతా తీసేశాక గడ్డం కింద చెయ్యి పెట్టి చూసుకుని, "నున్నగా వచ్చింది తాతా" అంటుంది.

"చూడు చూడు, రేపు మీసాలొస్తే నీకు సంబంధాలెవడు తెస్తాడే" అంటారు అత్తయ్య.

"నాకు మీసాలే కావాలి."

అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కానీ చూపు ఆ రేజరు మీదే ఉంటుంది. రోజూ నా చేత్తో దాని మూత ఎత్తి, లోపల ఏమీ లేదని చూసి, మళ్లీ మూసి పిల్ల చేతికిస్తాను. తలుపు గడియ వేశాక కూడా లాగి చూసే మనిషిని నేను. చిన్నాడు పుట్టాక ఆ గుణం రెట్టింపైంది. నిద్రలో వాడి ఊపిరి వినబడకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, వాడు లేచి ఏడుస్తాడు, ఇక ఇద్దరికీ జాగారమే.

దానికి తోడు మామయ్య కళ్లల్లో పొర కమ్మింది. డాక్టరు ఆపరేషను అన్నారు. "ఎండలు తగ్గనీ" అన్నారు మామయ్య ఒకసారి, "వానలు తగ్గనీ" అన్నారు ఇంకోసారి. వేళ్లకు కొద్దిగా వణుకు కూడా వచ్చింది. గడ్డం మీద తెగిన చోటల్లా కాగితం ముక్కలు అంటించుకుని కాఫీకి కూర్చుంటారు.

"మీ నాన్నగారితో చెప్పండి, ఆ బ్లేడ్లు ఇక వద్దని" అన్నాను మా ఆయనతో. ఆయన ప్రెస్సులో పనిచేస్తారు, ఇంటికొచ్చేసరికి వేళ్లకు సిరా, కళ్లకు నిద్ర.

"ఆయనకున్న సరదా అదొక్కటే. అదీ లాగేసుకుంటే ఏం మిగుల్తుంది?"

"పిల్ల ముఖం మిగుల్తుంది."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఈమధ్య ఒకరోజు మామయ్య కొట్టు నుంచి పెళ్లికొడుకులా వచ్చారు. పిడుగు చేతిలో ఉన్న రేజరుకు జోడీ దొరికింది. అదే పిడి, అదే తల, పిడి మీద అవే గీతలు.

"ఉన్న కొరివి చాలదని రెండోదా" అన్నారు అత్తయ్య.

"జోడీ దొరకడమంటే మాటలా? కవలలు తప్పిపోయి కలిసినట్టు" అన్నారు మామయ్య.

నేను వెంటనే పిల్ల రేజరు పిడికి ఎర్రదారం చుట్టి ముడేశాను. "ఎర్రదారం ఉన్నది పిల్లది, లేనిది మీది" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. "నేనేమైనా పసివాణ్ణా అమ్మాయ్" అని నవ్వారు.

వారం తిరక్కముందే ఒక పొద్దున చిన్నాడు పాలు కక్కాడు. పక్క, దిండు, నా జాకెట్టు అన్నీ తడిశాయి. వాణ్ణి చంకనేసుకుని దుప్పటి లాగుతూ, స్నానాల గది వైపు కేకేశాను.

"మామయ్యా, పిడుగు దానికి మూత తీసి చూశారా?"

"చూశాలే అమ్మా."

చూశానన్నారు కదా అనుకున్నాను. ఒళ్లు అలిసి ఉంటే ఏ మాటైనా నమ్మబుద్ధవుతుంది.

కాసేపటికి పిడుగు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మా, నా రేజరు ఇవాళ పాట పాడింది."

"ఏం పాట?"

"తాతది పాడుతుందే, గరగరమని. అదే. రోజూ నాది పాడదు."

తువ్వాలు లాగాను. ఎడమ కనుబొమ సగం లేదు. ముక్కు వైపు ఉంది, చివర లేదు, చీపురుతో తుడిచేసినట్టు. చెవి దగ్గర వెంట్రుకంత ఎర్రగీత. అంతే. ఇంకెక్కడా ఏమీ లేదు. జడ విప్పి చూశాను, మెడ చూశాను, వేళ్లు ఒక్కొక్కటీ విప్పి చూశాను. చిన్నాణ్ణి ఎక్కడ పడుకోబెట్టానో కూడా గుర్తులేదు. నేల మీద కూర్చుండిపోయాను.

"నొక్కలేదమ్మా. నొక్కకూడదు" అంది పిల్ల, నన్నే ఓదారుస్తూ.

మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన చెయ్యి తన బుగ్గ మీద ఉంది. నురగ పోయింది, గడ్డం మాత్రం అలాగే గరుగ్గా ఉంది. బుగ్గ తడుముకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. పిల్ల ముఖం కేసి చూశారు, కనబడక ఇంకా దగ్గరకొచ్చి వంగి చూశారు.

"దారం ఏది మామయ్యా?" అన్నాను.

"నిన్న రెండూ నిమ్మచెక్కతో తోమాను. దారం కింద నల్లగా మరక పడుతోందని విప్పాను. మళ్లీ కడదామనుకుని..."

నాకు అరవాలనిపించింది. మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. కానీ అరవడానికి కూడా ఓపిక కావాలి. లోపల చిన్నాడు ఏడుపందుకున్నాడు. లేచి వెళ్లాను.

ఆ సాయంత్రం అత్తయ్య పిడుగుకు కాటుకతో కనుబొమ దిద్దారు, తిన్నగా రాక ఒకవైపు ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు ఉంది. మామయ్య బ్లేడ్ల పెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. దాన్ని బీరువా పైఅరలో, దుప్పట్ల వెనక దాచి తాళం వేశాను. నేను అడిగింది అదే కదా, దొరికింది. ఆ రాత్రి నిద్ర పడుతుందనుకున్నాను.

మామయ్య గడ్డం గీసుకోవడం మానేశారు. మంగలి దగ్గరకు వెళ్లమని మా ఆయన చెప్తే, "ఊరివాళ్ల కత్తికి మెడ ఇవ్వను" అన్నారు. గడ్డం తెల్లగా, గజిబిజిగా పెరిగింది. బయటికి వెళ్లడం మానేశారు. ముద్దు పెట్టబోతే పిడుగు "గుచ్చుకుంటుంది తాతా" అని తప్పించుకుంది. ఆయన పట్టుపట్టలేదు. అత్తయ్య కూడా జోకులు వేయడం మానేశారు, అది ఇంకా కష్టంగా ఉంది.

ఆదివారం పొద్దున బట్టలు నానబెడుతుంటే వచ్చి నిలబడ్డారు.

"కాస్త తీరుబడి ఉందా అమ్మాయ్?"

"తీరుబడా మామయ్యా" అన్నాను. ఆయన వెనక్కి తిరగబోయారు. చేతులు కొంగుకు తుడుచుకుని, "కూర్చోండి" అన్నాను.

తాళం తీసి ఒక్క బ్లేడు తెచ్చాను. పిడుగును గుమ్మం అవతలే ఉంచి, చేతులు వెనక్కి కట్టుకోమన్నాను. నురగ పూశాను. మామగారి ముఖం ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆయన కళ్లు మూసుకున్నారు, నాకు సిగ్గు తగ్గించడానికేమో.

"ముందు మూత బుగ్గకు ఆన్చు. పిడి కొంచెం కిందికి... ఇంకొంచెం. ఇప్పుడు లాగు."

లాగలేకపోయాను. చెయ్యి వణికింది.

"నా చెయ్యే నయం" అన్నారు, పెదవులు కదపకుండా.

"మాట్లాడకండి, తెగుతుంది."

లాగాను. గరగరమంది. నురగలో దారి ఒకటి పడింది, దాని కింద ఎర్రటి పాత బుగ్గ. రేజరు నీళ్లల్లో ముంచి మళ్లీ ఆనించాను. ఒక వైపు అయ్యేసరికి నడుము పట్టేసింది. రెండో వైపు మొదలుపెట్టగానే లోపల చిన్నాడు ఏడ్చాడు. బ్లేడు తీసి కాగితంలో చుట్టి, కొంగున ముడేసుకుని పరుగెత్తాను. పాలిచ్చి, జోకొట్టి, పడుకోబెట్టి వచ్చేసరికి ఆయన అలాగే కూర్చుని ఉన్నారు, సగం ముఖం నున్నగా, సగం ముఖాన ఎండిపోయిన నురగతో.

"వెళ్లి కడుక్కోవాల్సింది కదా."

"నువ్వొస్తావని తెలుసుగా."

మళ్లీ నురగ కలిపాను. అయిపోయాక ఆయన చెంప తడుముకున్నారు. మెడ కింద ఒకచోట వదిలేశాను, వేలు అక్కడ ఆగింది. గుమ్మం అవతల నుంచి పిడుగు వచ్చి తాత బుగ్గకు బుగ్గ ఆనించి చూసింది.

"అమ్మకు సరిగ్గా రాలేదు" అంది.

"రేపటికి వస్తుందిలే" అన్నారు మామయ్య.

రేపు కూడా ఉందన్నమాట, ఎల్లుండి కూడా. ఉన్న పనులకు ఇంకొకటి. బ్లేడు తుడిచి దుప్పట్ల వెనక పెట్టి తాళం వేశాను, లాగి చూశాను, నానిన బట్టల దగ్గరకు వెళ్లాను.