భీవండి కనబడని సినిమా

నా బిడ్డ నవ్యశ్రీ తీసిన సినిమా పేరు ‘భీవండి’. మహారాష్ట్రలోని ఆ ఊరు సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా కనబడదు. ఒక పేపరాయన దీన్నే పట్టుకుని, పేరుకీ కథకీ పొంతన లేదనీ, హీరో పది నిమిషాలు గోడవైపు తిరిగి పడుకోవడం తప్ప ఏమీ చేయడనీ రాశాడు. ఇంకొకాయన ఈ ఏడు వచ్చిన మంచి సినిమాల్లో ఇదొకటన్నాడు. ఆ మెచ్చుకున్నది కత్తిరించి బీరువాకు అంటించాను. మొదటాయన మీద మాత్రం ఒళ్లు మండింది. పది నిమిషాలకే విసుగొచ్చిందా నాయనా? నేను రెండేళ్లు చూశాను.

మా సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికే ఇళ్లల్లో మగమనిషి కనబడకపోతే ‘భీవండి పోయిండు’ అంటే చాలు. అక్కడి మగ్గాల్లో పనికి పోయాడనుకుని ఎవరూ మరో మాట అడగరు. మా పక్కింటి అంతయ్య కొడుకు రాకేశ్ కూడా దసరా నుంచి భీవండిలోనే ఉన్నాడన్నారు. మా ఆయన సదానందం పని మానేసి వెనక గదిలో పడుకున్నప్పుడు నేనూ అదే చెప్పాను. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. చివరికి కరీంనగర్ తీసుకుపోతే డాక్టరమ్మ డిప్రెషన్ అని చెప్పి మందులిచ్చింది. మెల్లమెల్లగా మనిషి మళ్లీ మనిషయ్యాడు. వాడకట్టు జనం లెక్కలో మాత్రం భీవండి నుంచి తిరిగొచ్చాడు.

నవ్యశ్రీ వాళ్ల బాపును అడిగే సినిమా తీసింది. “తియ్యి బిడ్డా, నా పేరు మాత్రం చెప్పకు” అన్నాడాయన. నవ్యశ్రీ చెప్పలేదు. కానీ కరీంనగర్ టాకీసులో ఆట వేస్తున్నారని తెలిసి మా వాడంతా కదిలింది. నాకు ఒకటే భయం. ఎవరైనా నవ్వితే ఈయన మళ్లీ గోడవైపు తిరుగుతాడని.

నవ్వనే నవ్వారు. తెర మీద హీరో ఎంతకీ లేవకపోయేసరికి “వాన్ని లేపుర్రి జర!” అని వెనక నుంచి ఎవడో అరిచాడు. మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. అప్పుడే సినిమాలో భార్య గుమ్మంలో నిలబడి “మా ఆయన భీవండి పోయిండు” అంది. హాలంతా గప్‌చుప్ అయింది. ఆ మాట ఎందుకు చెబుతారో అక్కడ ప్రతి ఇంటికీ తెలుసు.

ఆట వదిలాక అంతయ్య ఎదురొచ్చాడు.

“గిదేం సిన్మ సదానందం? గన్ని దినాలు ఊకె పండుకునే మనిషి ఉంటడా? నువ్వు భీవండిల ఉండొచ్చినోనివి, నువ్వు జెప్పు.”

“నేను భీవండి పోలే అన్నా,” అన్నాడు మా ఆయన, అందరికీ వినబడేటట్టు. “ఎనుక అర్రల పండుకున్న. ఆ సిన్మల ఉన్నది నేనే. మందులు మింగి లేసిన.”

పెళ్లైనప్పటి నుంచి ఆయన్ని చూసి ఇంత మురిసింది లేదు. ఆ మొదటి పేపరాయన పక్కనుంటే బాగుండేదనిపించింది.

అంతయ్య దగ్గరికి జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి, “మా రాకేశ్ గూడ పోలే తమ్మీ. ఇంట్లనే ఉన్నడు” అన్నాడు.

“పా, ఇప్పుడే పోదాం” అని మా ఆయన అంతయ్య భుజం మీద చెయ్యేశాడు.

నవ్యశ్రీ జనంలోంచి బయటపడి వచ్చింది. “అవ్వా, బాపు ఏడి?”

“రాకేశ్ దగ్గరికి పోయిండు” అని తలెత్తి చెప్పాను.