ఎడమచేతి ఉలిగీతలు

కంబగిరాచారి చెక్కిన అమ్మవారు ఆళ్లగడ్డ షెడ్డులో కండ్లు తప్ప అన్నీ పూర్తయి నిలబడి ఉంది. ఆ కండ్లు అన్న ఓబులాచారి చెక్కి తెరవాలి. సుత్తి ఎడమచేత పట్టేవాడు కండ్లు తెరవకూడదని ఆ ఇంట్లో తాతలనాటి కట్టుబాటు. కంబగిరిది ఎడమచేతివాటం. ఎన్ని విగ్రహాలు చెక్కినా ఆఖరి దెబ్బ ఎప్పుడూ అతనిది కాలేదు. ఈ అమ్మవారికైనా తానే తెరవాలని ఉంది గానీ, నోరు తెరిచి అడిగే మనిషి కాదు.

ఆ పొద్దు నంద్యాల నుంచి లహరి వచ్చింది. పాత విగ్రహాల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. నంద్యాల పక్కన ఒక పాత గుడిలోని దుర్గమ్మను, లైటును ఒక్కోసారి ఒక్కో పక్క నుంచి పట్టి ఫోటోలు తీసి, లాప్‌టాప్‌లో పెట్టుకొచ్చింది. తెరమీద వేలు జరిపితే వెలుగు అమ్మవారి చుట్టూ తిరుగుతోంది. వెలుగు పక్కకు వాలేకొద్దీ, చేత్తో తడిమినా తెలియని ఉలిగీతలు దుక్కి చాళ్ల మాదిరి లేచి కనపడుతున్నాయి.

"గీతలన్నీ మామూలుకు ఎదురు వాలినాయన్నా. ఎడమచేతి మనిషంటారా?" అంది లహరి.

కంబగిరి వంగి చూశాడు. భుజం, నడుము, కుచ్చిళ్లు. ప్రతి గీతా తాను కొట్టినట్టే ఉంది.

"నా మాదిరోడే," అన్నాడు.

"కండ్లు చూపీమ్మా," అన్నాడు ఓబులాచారి.

కండ్ల దగ్గర మాత్రం గీతలు కుడిచేతివాటంగా రెండో వైపు వాలాయి. ఓబులాచారి తొడ చరిచాడు. "చూసినావా! ఆ కాలంలో గూడ కుడిచేతోడే తెరిచినాడు."

కంబగిరి మాత్రం వెలుగును ఆ కండ్ల మీదే అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. ఒక గీత లోతు, ఒక గీత పైపైన. ఒకచోట ఉలి జారింది.

"కండ్లు తెరిచేదానికి ఇట్లా చెయ్యి కుదరనోన్ని పిలుస్తారా ఎవరన్నా? వేరేవోడు కాదేమో. ఆ ఎడమచేతోనిచేతనే కుడిచేత్తో కొట్టిచ్చినారేమో," అన్నాడు.

"గీత ఎట్లుందో మిషన్ చెప్తుందన్నా. ఎవరిదో చెప్పదు," అంది లహరి.

కంబగిరి మూలనున్న నల్లరాతి ముక్కను లాక్కున్నాడు. ఎడమచేత్తో ఒక కన్ను చెక్కి, సుత్తిని కుడిచేతికి మార్చి ఇంకో కన్ను మొదలుపెట్టాడు. నుదుట చెమట పట్టింది.

"ఏందిరా, రాయి కొడ్తాండావా, బిడ్డను జోకొడ్తాండావా?" అని నవ్వాడు ఓబులాచారి.

లహరి ఆ ముక్కనూ అట్లాగే ఫోటోలు తీసి దుర్గమ్మ పక్కన పెట్టింది. కుడిచేత్తో కొట్టిన కన్నులో అదే లోతూ పైపైనా, అదే జారుడు.

"వాడేనని రాయలేనన్నా. అలవాటు లేని చెయ్యని మాత్రం రాస్తా," అంది.

ఓబులాచారి రాతి ముక్కను ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో చెక్కిన కన్నును బొటనవేలితో మెల్లగా తడిమాడు. తర్వాత తెరమీది దుర్గమ్మను చూశాడు.

"చెయ్యి మార్పిచ్చకుంటే ఈయమ్మ కండ్లు ఎట్లొచ్చుండునో!" అన్నాడు.

"అది ఏ మిషనూ చూపీదన్నా," అంది లహరి.

అన్న తల తిప్పి, కండ్లు లేని అమ్మవారి ముఖం వైపు చూశాడు.

"కంబగిరీ, నువ్వే తెరువు. నీ చేత్తోనే."

కంబగిరి సుత్తి ఎడమచేతికి మార్చుకున్నాడు.

"ఇప్పుడే మొదలుపెడ్తావేందిరా?" అన్నాడు అన్న. "పో, తానం చేసి రాపో."