నాలుగు మూలలూ ఉన్న కాగితం

ఆసుపత్రి మెట్లెక్కుతూ రెండో మలుపు దగ్గర ఆగి, కాండ్రించి, చేతిరుమాలులో ఉమ్మాడు. నల్లగా పడింది. ఛీ అనుకుని మడిచి జేబులో కుక్కుకున్నాడు. ఇరవై ఏడేళ్లుగా పొద్దున్నే ఇవే మెట్లు. గాలి కొలిచే ఉద్యోగం కాబట్టి వీధివాళ్లకు అతను గాలి మామ.

డాబా మీద రేకు గూడులాంటి యంత్రం గాలి పీలుస్తూ రొద పెడుతోంది. పిట్టగోడ మీదా, నీళ్ల ట్యాంకు మీదా జిడ్డు మసి. తుడిస్తే పోదు, వేలికి అంటుకుని వాసనేస్తుంది. ఎదురుగా ఫ్యాక్టరీ గొట్టం పచ్చటి పొగ కక్కుతోంది. మూత తీసి, నిన్న పెట్టిన కాగితాన్ని బయటికి తీశాడు. పలకంత తెల్లకాగితం మాడిన గిన్నె అడుగులా తయారైంది. దాని చోట కొత్తది బిగించి మళ్లీ మీట నొక్కాడు.

ఇలాంటి రోజున ఏం చెయ్యాలో అతని కుడి బొటనవేలి గోరుకు తెలుసు. చిరిగిన కాగితం లెక్కలోకి రాదు. 'తీసేటప్పుడు చిరిగింది' అని తీసినవాడే రాసి సంతకం పెట్టాలి. అందుకే ఆఫీసులో పైఅధికారి, సారు, ముట్టుకోడు. 'చూసుకో' అంటాడు, అంతే. మూల మీద గోరు నొక్కడం గాలి మామ పని. ఆ ఒక్క గోరు అందుకే పెంచాడు. ఎన్నిసార్లు నొక్కాడో గుర్తులేదు.

ఫోను మోగింది. సారే.

"తీశావా? రెండో గొట్టం పర్మిషన్ మీద ఎల్లుండే మీటింగు. ఈ వారం కాగితాలే అడుగుతున్నారు. చూసుకో."

"అలాగే సార్" అంది అతని నోరు, అలవాటు కొద్దీ. దరిద్రపు నోరు.

కింద వార్డులో భార్య ముక్కుకు మాస్కు పెట్టుకుని మందు ఆవిరి పీలుస్తోంది. ఆమెకు వారానికి మూడు పూటలు ఇదే పని. ఒక గొట్టం పొగకే ఇలా ఉంటే, రెండోది కూడా లేస్తే ఏడాది తిరగదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. నర్సమ్మ పక్కనే సీసాలు సర్దుతోంది. ఆమె వింటుందని కూడా చూడకుండా అతను మంచం అంచున కూర్చున్నాడు.

"నీకో మాట చెప్పాలి. ఆ మిషన్‌కి అబద్ధాలు నేర్పింది నేనేనే. నల్లకాగితాలన్నీ నేనే చింపాను."

ఆమె మాస్కు పక్కకు జరిపింది. "తెలుసులెండి. మీ కాగితమేమో గాలి బాగుందంటుంది. నా దండెం మీద తెల్లచీర సాయంత్రానికి మసిగుడ్డవుతుంది. దొంగెవరో ఆమాత్రం తెలీదా?"

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశాను. ఛీ, ఇన్నేళ్లా?" అని మాస్కు మళ్లీ పెట్టుకుని గోడవైపు తిరిగింది.

తిట్టి ఉంటే బాగుండేది. అతను లేచి నర్సమ్మ దగ్గర కత్తెర అడిగి గోరు మొదలంటా కత్తిరించాడు. ఆమె బల్ల మీదే రిజిస్టరు తెరిచి 'చిరగలేదు' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు.

ఆఫీసులో సారు కాగితాన్ని దూరం నుంచే చూసి ముక్కు చిట్లించాడు. "ఏమయ్యా, మతిగానీ పోయిందా? ఇదేమిటి?"

"ఊళ్లో గాలి సార్."

"రేపట్నుంచి నీ మొహం చూపించకు."

గాలి మామ కాగితాన్ని తూకానికి ముందు తేమ లాగే గాజు పెట్టెలో ఉంచి, పక్కన రిజిస్టరు పెట్టి బయటికి నడిచాడు.

మధ్యాహ్నం ఇంటి వెనక దండెం కింద కుర్చీ వేసుకున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన భార్య తడిబట్టలు ఆరేస్తూ, "రాశారటగా, నర్సమ్మ చెప్పింది" అంది. అతను తలూపాడు. "టీ తెస్తానుండండి. మసి పడకముందే తాగాలి" అని లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అతని తల ఒక పక్కకు వాలి ఉంది. రెండుసార్లు పిలిచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. గ్లాసు నేల మీద పెట్టి, అతని పెదవి మీది మసిని కొంగుతో తుడిచింది. టీ మీద సన్నటి నల్లతెట్టు కట్టింది.

మర్నాడు కాగితం మార్చడానికి ఎవరూ దొరక్క సారే రొప్పుతూ డాబా ఎక్కాడు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. తాళంచెవి పట్టుకుని నర్సమ్మ వెనకే వచ్చింది. మూత తీస్తే లోపల కాగితం నిన్న తీసినదానికంటే నలుపు. సారు అటూ ఇటూ చూసి బొటనవేలు ముందుకు చాపాడు.

"మెల్లగా తియ్యండి సార్" అంది నర్సమ్మ. "చిరిగితే తీసినవాళ్లే సంతకం పెట్టాలటగా. మామ చెప్పాడు."

సారు చెయ్యి వెనక్కి లాక్కుని రుమాలుతో తుడుచుకున్నాడు. గాలి మామ బిగించి వెళ్లిన కాగితం చట్రంలోనే ఉంది, కటిక నల్లగా, నాలుగు మూలలతో.