పళ్లెం స్టీరింగు

ఆ ఇంట్లో పొద్దున్నే బ్రష్షు తర్వాత పాలు, పాల తర్వాత జడ, జడ తర్వాత ఎడమ కాలి సాక్సు. పొరపాటున కుడికాలిది ముందు తొడిగారో, మళ్లీ బ్రష్షు దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందే. అందుకే ఆరేళ్ల పాపను ఇంటిల్లిపాదీ 'గడియారం' అని పిలిచేవాళ్లు. ఏదైనా మారిందా, ఈ గడియారం వణుకుతుంది, చెవులు మూసుకుంటుంది, బల్ల కింద దూరుతుంది.

అలా దూరే రోజు ఒకటి దగ్గరపడుతోందని అమ్మకు తెలుసు. సోమవారం నుంచి ఆమె రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగానికి వెళ్లాలి. పాప పుట్టాక మానేసిన పని మళ్లీ దొరకడమే గగనమైంది. ఇకపై పాపను బడికి తీసుకెళ్లేది అమ్మ కాదు, వ్యాను. ఈ ముక్క మాత్రం పాపకు ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడెందుకు చెప్పడం? సోమవారం పొద్దున సర్‌ప్రైజ్ అని ఎక్కించేద్దాం," అన్నాడు నాన్న. ఐస్‌క్రీమ్ అని చెప్పి ఇంజెక్షన్‌కి తీసుకెళ్లిన మహానుభావుడు ఈయనే. అప్పట్నుంచి ఐస్‌క్రీమ్ బండి కనిపిస్తే చాలు, పాప చొక్కా చేతులు కిందికి లాక్కుంటుంది.

మనలో చాలామందిమి ఇంతే. పిల్ల ఏడుస్తుందని దాస్తాం, దాన్ని ప్రేమంటాం. నిజానికి ఆ ఏడుపు వినే ఓపిక మనకు లేదు.

దాచిన గుట్టు శుక్రవారం సాయంత్రం వ్యాను డ్రైవరే బయటపెట్టాడు. ఇల్లు చూసుకుందామని వచ్చి, గుమ్మంలోనే "సోమవారం ఎక్కేది ఈ పాపేనా అమ్మా?" అన్నాడు. పాప బల్ల కిందికి వెళ్లిపోయింది. అమ్మ బతిమాలింది. నాన్న చాక్లెట్టు చూపించాడు. చాక్లెట్టు చూడగానే పాప ఇంకా లోపలికి జరిగింది.

"ఉద్యోగం వద్దని రేపే ఫోన్ చేసి చెప్పేస్తాను," అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ.

నానమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుని, "అబ్బా" అనుకుంటూ తనూ బల్ల కింద దూరింది.

"దేనికే భయం?"

"ఎక్కడ కూర్చోవాలో తెలీదు."

"ఇంకా?"

"దిగమని ఎవరు చెప్తారో తెలీదు."

"తెలీకపోతే నాకూ భయమేనే. పద, చూసొద్దాం."

చూడటానికి వాళ్లు గుమ్మం కూడా దాటలేదు. భోజనాల కుర్చీలు వరుసగా వేసి, చేత్తో స్టీలు పళ్లెం పట్టుకుని ముందు కుర్చీలో కూర్చుంది నానమ్మ. పీంపీం అని హారను నోటితోనే. వెనక అల్లరి పిల్లలందరూ నాన్నే. ఆ వేషానికి ఆయనకు సాధన అక్కర్లేకపోయింది. కిటికీ పక్క కుర్చీ పాపది.

మొదటిసారి వ్యాను సాఫీగా బడి చేరింది. అమ్మ మురిసిపోయింది. రెండోసారి సగం దారిలో నానమ్మ పళ్లెం వదిలేసి, "టైరు పంక్చరు!" అంది.

పాప చెవులు మూసుకుంది.

"అత్తయ్యా! అనుకున్నట్టు నడపండి!"

"వ్యాను మనం అనుకున్నట్టే నడుస్తుందని నీకెవరైనా రాసిచ్చారా అమ్మాయ్?" అని నానమ్మ పాప వైపు తిరిగింది. "ఇలాంటప్పుడు 'ఇప్పుడేం చెయ్యాలి' అని డ్రైవర్ని అడగాలి. గట్టిగా అడుగు, నాకు చెముడు."

పాప ఒక చెవి మీంచి చెయ్యి తీసింది. "ఇప్పుడేం చెయ్యాలి?"

"మీ నాన్నని తొయ్యమందాం."

నాన్న ఆపసోపాలు పడుతూ కుర్చీలు తోస్తుంటే పాప కిసుక్కున నవ్వింది. ఇక చూడండి, ఆదివారానికల్లా ఆ వ్యానుకు రాని కష్టం లేదు. వాన, దారి తప్పడం, డ్రైవరుకు తుమ్ములు. చివరికి పాపే, "నా సీట్లో మేక కూర్చుంది!" అని గంతులేస్తూ కొత్త ఆపదలు కనిపెట్టింది.

సోమవారం గేటు దగ్గర నిలబడ్డారో లేదో, అమ్మ ఫోను మోగింది. డ్రైవరు. "జ్వరమమ్మా. మా చెల్లెలు తన వ్యాను తెస్తోంది."

"చెప్పకు. అదే వ్యాను, రంగేశారని ఎక్కించేద్దాం," గొణిగాడు నాన్న.

ఆ అబద్ధం అమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఉద్యోగంలో మొదటి రోజు. ఏడుపు మొదలైతే అంతే సంగతులు. అయినా పాప ముందు గొంతుక్కూర్చుని, "వ్యాను మారింది తల్లీ. డ్రైవరుకి జ్వరం, వాళ్ల చెల్లెలు వస్తోంది," అంది.

పాప చేతులు చెవుల దాకా వెళ్లాయి. అంతలో వ్యాను వచ్చి ఆగింది. కిటికీ పక్క సీట్లో ఒక బొద్దు పిల్లాడు బిస్కెట్టు నములుతున్నాడు.

పాప వాణ్ని చూసింది. చేతులు దిగాయి.

"నానమ్మా, మేక!" అని అరిచింది. తర్వాత, డ్రైవర్లందరికీ చెముడే కాబోలు అనుకుని, వీధి అదిరేలా అడిగింది: "ఇప్పుడేం చెయ్యాలి?"

డ్రైవరమ్మ ఉలిక్కిపడింది. "నా వెనక సీట్లో కూర్చో తల్లీ. ఈ అద్దంలో నీకు నేను, నాకు నువ్వు కనిపిస్తాం."

పాప అద్దం కేసి చూసింది, ఆలోచించింది, ఎక్కేసింది. తలుపు పడుతుండగా లోపల్నుంచి కేక: "నానమ్మా! ఇది మనం ఆడనే లేదు!"

అమ్మ గేటు దగ్గరే చిన్నపిల్లలా ఎగిరి చప్పట్లు కొట్టింది. వెంటనే ముఖం చిన్నబోయింది. "అత్తయ్యా, ల్యాబులో నా కుర్చీ ఎక్కడుంటుందో ఏమో..."

"పళ్లెం తెమ్మంటావా?" అంది నానమ్మ. తర్వాత కొడుకు కేసి చూస్తూ ఇలా చెప్పింది: "ఏదీ మారదని పిల్లకి మాటివ్వకండర్రా. మారేదేదో ముందే చెప్పి, దాంతోనే ఆడించండి. భయం ఒక్కరోజులో పోదుగానీ, భయంతోనే బండెక్కడం వస్తుంది."