అన్నపూర్ణ కొండ మీద బి షిఫ్టు

పెళ్లయిన దగ్గర్నుంచీ జోగమ్మ ముచ్చట్లన్నిటికీ అడ్డం పడినవాడు ఒకడే. వాడి పేరు ఆవిడకి తెలీదు, ఊరు తెలీదు, మొహం ఒక్కనాడూ చూడలేదు. కనిపిస్తే మాత్రం చీపురు తిరగేసేదే. వాడే రిలీవరు.

భర్త అప్పలసూరి భిలాయి ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు ఫోర్‌మన్. ఆ కొలిమికి రాత్రీ లేదు, పగలూ లేదు, పండగా లేదు. ఒక షిఫ్టు మనిషి ఇంటికి పోవాలంటే తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి, కొలిమి మంచీ చెడ్డా విని, లాగ్‌బుక్కులో సంతకం గీకాలి. ఆ వచ్చేవాడే రిలీవరు. వాడు రానిదే పాతవాడు అడుగు కదపకూడదు. అందరికీ అది రూలు. అప్పలసూరికి వేదం.

ఫస్ట్ షోకని జోగమ్మ పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని సెక్టర్ 2 క్వార్టరు గుమ్మంలో కూర్చునేది. సినిమా వదిలాక, పూలు వాడాక ఆయన వచ్చేవాడు. "రిలీవరు రాలేదే, నన్నేటి చెయ్యమంటావు?" తమ్ముడి పెళ్లికి విజయనగరం రైలు తప్పిపోయింది, రిలీవరు రాలేదు. కొడుకు రాజేంద్ర పుడితే మర్నాడు వచ్చి చూసుకున్నాడు, రిలీవరు రాలేదు. ఆ రిలీవరుకి మొహం కడిగే అలవాటైనా ఉందో లేదో గానీ, జోగమ్మ ఆశల మీద నీళ్లు చల్లడం మాత్రం ఏనాడూ మానలేదు.

వంటింట్లో పొయ్యి పైన గోడకి ఒక కేలండరు బొమ్మ ఉండేది. సుపేలా బజారు బట్టల కొట్టువాడు ఎప్పుడో ఇచ్చినది. తెల్లటి మంచుకొండ, కింద అన్నపూర్ణ అని పేరు. కొండకి అమ్మవారి పేరు ఉండటం ఆవిడకి ఎంత నచ్చిందంటే, సంవత్సరం అయిపోయాక తేదీల కాగితాలు చింపేసి బొమ్మ ఉంచేసింది. ఇరవై ఏళ్ల తిరగమోతలకి మంచు కాస్తా మసిబారి, కొండ బొగ్గుల కుప్పలా తయారైంది. అయినా తీయలేదు. "రిటైరయ్యాక అసలు కొండే చూపిస్తాను" అని అప్పలసూరి మాటిచ్చాడు. తొంభై అయిదులో రిటైరయ్యాడు. మరుసటి ఏడు దసరా వెళ్లాక నేపాల్ ప్రయాణం పెట్టుకున్నారు. ఇక ఏ రిలీవరూ అడ్డం రాడని జోగమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. పిచ్చి తల్లి.

జట్టు నలుగురు. వీళ్లిద్దరూ, అదే కర్మాగారం కోక్ ఓవెన్లలో చేసి రిటైరైన భుజంగరావు, ఆయన భార్య అహల్య. అహల్య ఆవకాయ జాడీ ఒకటి సిద్ధం చేసుకుని, సుపేలాలో కూరలమ్మే ప్రతి మనిషికీ "ఫారిన్ వెళ్తున్నాం దీదీ" అని చెప్పి వచ్చింది. కొండ ఎక్కించడానికి అక్కడి గైడు ఒకడు కావాలి.

"అక్కడికెళ్లి ఎవడో ఒకడిని మాటాడుకుంటే పోదేటి బావా?" అన్నాడు భుజంగరావు.

"కొండంటే ఏటనుకున్నావు? ఫర్నేసు లాటిదే. ఒక్కడి చేతిలో పెట్టీసి ఊరుకుంటారేటి?" అన్నాడు అప్పలసూరి.

సుపేలాలో కాపలా కాసే నేపాలీ మనిషి బావమరిది పోఖరాలో గైడట. అతనికి అప్పలసూరి ఇంగ్లీషులో నాలుగు పేజీల షరతులు టైపు కొట్టించి పంపాడు. ఎ షిఫ్టు ఆరు నుంచి రెండు. బి షిఫ్టు రెండు నుంచి పది. రాత్రి కొండ ఎక్కడికీ పోదు కాబట్టి సి షిఫ్టు రద్దు. రిలీవరు వచ్చి సంతకం పెట్టనిదే గైడు అడుగు కదపరాదు. ఈ చివరి ముక్క కింద రెండు గీతలు.

నెల తర్వాత హిందీలో ఒక కార్డు వచ్చింది. "హుకుం మంజూరు. తమ్ముడిని కూడా తెస్తాను. పదమ్ గురుంగ్."

"అదీ క్రమశిక్షణంటే!" అని అప్పలసూరి ఆ కార్డుని దేవుడి పటం పక్కన పెట్టాడు. జోగమ్మకి ఆ షరతుల్లో 'రిలీవరు' అన్న మాట వినగానే చీపురు గుర్తొచ్చింది గానీ, శుభమా అని బయల్దేరుతూ ఏం అంటుంది?

పోఖరాలో దిగేసరికి పదమ్, తమ్ముడు లాల్ బస్సు దగ్గరే ఉన్నారు. పదమ్ నలభై ఏళ్ల నెమ్మదైన మనిషి. అప్పలసూరి అతనికి లాగ్‌బుక్కు ఇచ్చి, తన మెడలో ఈల వేసుకున్నాడు. లాల్ పొద్దున్నే సామాను మోసుకుని ముందు మజిలీకి పోవడం, రెండింటికి ఎదురు రావడం ఏర్పాటు. రెండు కాగానే అప్పలసూరి ఈల ఊదేవాడు. అన్నదమ్ములు దారి మధ్యలో నిలబడి అప్పగింతలు చేసుకునేవారు. అటు పోయే తెల్లదొరలు ఇదేదో స్థానిక ఆచారమనుకుని ఫొటోలు తీసుకున్నారు. రెండు రోజులూ పెళ్లివారి బండిలా సాఫీగా నడిచింది.

మూడో రోజు ఆఖరి ఎక్కుడు. ఆ గట్టు మీదికి చేరితే ఎదురుగా అన్నపూర్ణ. మజిలీ గట్టుకి అవతల పల్లంలో, అక్కణ్ణుంచి కొండ కనపడదు. రేపు అటునుంచి అటే దిగిపోవడం.

"మూడు దాటితే మబ్బు కమ్మేస్తుంది మాతాజీ. ఈలోపే చూడాలి" అన్నాడు పదమ్ హిందీలో.

జోగమ్మ ఆ మాట విన్నాక మోకాళ్ల నొప్పుల సంగతి మర్చిపోయింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, భుజంగరావుని దాటేసి, పదమ్ మడమల వెంటే నడిచింది. ఇంకో అరగంట నడిస్తే గట్టు. అప్పుడు మోగింది ఈల.

పదమ్ ఆగి చూశాడు. లాల్ లేడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఓ బండరాయి తుడుచుకుని దాని మీద కూర్చున్నాడు.

"చలో పదమ్ భయ్యా" అంది జోగమ్మ.

"రిలీవర్ నహీ ఆయా, మాతాజీ."

ఆవిడకి చెవుల్లో సీసం పోసినట్టయింది. మొగుడి వంక తిరిగింది. "ఏటండీ, మీరైనా చెప్పండి!"

అప్పలసూరి మొహంలో గర్వం, బెంగ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. "నానేటి చెప్తానే? రూలు రాసింది నానే. మనిషి రూలు మీద నిలబడ్డాడు. ఇప్పుడు నానే తప్పమంటే, ముప్ఫై ఏళ్లు చేసిన డూటీకి అర్థమేటి?" అని వెళ్లి పదమ్ పక్కన కూర్చున్నాడు.

"నీ రూలు తగలెయ్య! నా మోకాళ్లు వాచిపోనాయి బావా!" అన్నాడు భుజంగరావు.

"నా ఆవకాయ జాడీ ఆ లాల్ దగ్గరే ఉంది" అని అహల్య కంగారుపడింది. లోయలోంచి మొదటి మబ్బు తునక పైకి లేచింది.

జోగమ్మకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపం వచ్చింది. గుమ్మంలో కట్టిన చీర కట్టినట్టే కూర్చున్న సాయంత్రాలన్నీ ఒక్కసారి కళ్లలో తిరిగాయి. కొలిమి దగ్గరంటే తను వెళ్లలేకపోయింది. ఇది కొండ. ఇక్కడ గేటు లేదు, పాసు లేదు.

"ఆ బుక్కు ఇలా తే" అంది పదమ్‌తో, తనకొచ్చిన హిందీలో.

"మాతాజీ?"

"నీకు రిలీవరు కావాలి, అంతే కదా? నేనే. బి షిఫ్టు. ఏటుందో చెప్పు, రాసుకో, డూటీ దిగిపో."

పదమ్ అప్పలసూరిని చూశాడు. అప్పలసూరి నాలుగు పేజీలూ మనసులో తిరగేసుకున్నాడు. రిలీవరు మగవాడై ఉండాలని గానీ, తన పెళ్లాం కాకూడదని గానీ ఎక్కడా రాయలేదు.

పదమ్ లేచి నిలబడి అప్పగింత చెప్పాడు. ఎడమ పక్క లోయ, కుడి పక్క కొండ గోడనే అంటుకుని నడవాలి. తడి రాళ్ల మీద కాలు వెయ్యకూడదు. రంగు జెండాలు కనపడ్డాక కుడికి తిరగాలి. జోగమ్మ ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పి, లాగ్‌బుక్కులో గుండ్రటి అక్షరాలతో 'జోగమ్మ' అని సంతకం పెట్టింది. రేషను కార్డు మీద తప్ప ఆ పేరు ఆవిడ ఎక్కడా అంత శ్రద్ధగా రాయలేదు.

"లెగండి అందరూ! వరసలో నడవండి. అన్నయ్యగారూ, కుడి పక్కకి. ఏమండోయ్ ఫోర్‌మన్‌గారూ, మీకూ చెప్తున్నా!"

డ్యూటీ దిగిపోయిన పదమ్ బీడీ వెలిగించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, షికారుకొచ్చిన మనిషిలా వాళ్ల వెనకే నడిచాడు. ఒకచోట జోగమ్మ తడి రాయి మీద కాలు వెయ్యబోతే దగ్గాడు. సొంత టైములో దగ్గితే రూలు ఒప్పుకుంటుంది.

జెండాలు వచ్చాయి. కుడికి తిరిగారు. ఎదురుగా అన్నపూర్ణ ఉంది.

జోగమ్మ దండం పెట్టబోయి చేతులు సగంలోనే ఆపేసింది. "ఓలమ్మో, ఇంత తెలుపేటి!" అంది. ఇరవై ఏళ్లు తను మసి కొండని చూసి మురిసిపోయిందా? కళ్లు నీళ్లతో నిండిపోతే గబగబా తుడుచుకుంది, కొండ కనపడకుండా పోతుందని. భుజంగరావు కూడా మోకాళ్లు మర్చిపోయి మునివేళ్ల మీద లేచి చూశాడు. తర్వాత అహల్యనీ జాడీ బెంగనీ వెంటబెట్టుకుని అవతలికి దిగాడు. పదమ్ వాళ్లకి తోడుపోయాడు.

మబ్బు వచ్చి కొండని ఒక కొస నుంచి తినడం మొదలెట్టింది. చలిగాలి రివ్వున కొట్టింది.

"ఇక పదవే, చలి" అన్నాడు అప్పలసూరి.

జోగమ్మ లాగ్‌బుక్కు ఒళ్లో పెట్టుకుని రాయి మీద స్థిరంగా కూర్చుంది.

"నా రిలీవరు రాలేదండి."

అప్పలసూరి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లు తను ఆడిన మాట తన చెవికి ఇలా వినిపించడం ఇదే మొదలు. అది వింటూ గుమ్మంలో కూర్చున్న మనిషి మొహం అప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామంటే గుర్తు రాలేదు. అది ఆయనకి చలి కంటే ఎక్కువ గుచ్చుకుంది. మెడలో మఫ్లరు తీసి ఆవిడ చెవులకి చుట్టాడు.

అంతలో వెనక అడుగుల చప్పుడు. అవతలి వాలు నుంచి లాల్ రొప్పుతూ వస్తున్నాడు. మూతి ఎర్రగా, చొక్కా ఎర్రగా, కళ్లలో నీళ్లు. జాడీ మూత వదులైందట, రుచి చూశాడట, సత్రంలో అన్నం వేడిగా ఉందట. జోగమ్మ తిరిగి చూడలేదు. ఇంకా సగం కొండ మిగిలే ఉంది.

అప్పలసూరి పిల్లిలా లేచి, లాల్‌కి ఎదురెళ్లి, భుజం పట్టుకుని ఓ బండ వెనక కూలేశాడు.

"సారీ సాబ్, నేను వచ్చేశాను" అన్నాడు లాల్ హిందీలో.

"ష్! నువ్వింకా రాలేదు" అని గుసగుసగా చెప్పి, అప్పలసూరి వెళ్లి పెళ్లాం పక్కన కూర్చున్నాడు.