పట్టపగలు దించిన తెర

ఓస్లా అడుగంటిన జావ గిన్నె తోముతూ ఉండగానే పక్క గదిలో కుర్చీలు జరిగిన చప్పుడైంది. ఎక్కడో పిట్ట కనబడిందట. వసతిగృహంలోని వాళ్లంతా తింటున్న రొట్టెలు వదిలేసి, దుర్భిణీలు మెడలో వేసుకుని పరుగెత్తారు. షెట్లాండ్ దీవుల్లో శరత్కాలం వచ్చి తూర్పుగాలి తిరిగిందంటే ఇదే తంతు. దారి తప్పిన ప్రతి పిట్టకూ వందమంది చుట్టాలు దిగుతారు. ఏళ్ల తరబడి వాళ్ల ఎంగిలి గిన్నెలు కడుగుతున్న మనిషి పేరేమిటని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

పని ముగించుకుని ఇంటికి వెళ్లేసరికి ఆ గుంపంతా ఆమె క్యాబేజీ దొడ్డి గోడ చుట్టూనే ఉంది. ఆకుల మధ్య బొటనవేలంత పిట్ట గాలికి వణుకుతోంది. వాళ్లలో ఒక ఎర్రకోటు మనిషి దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు.

"అమ్మగారూ, ఆ కిటికీలో ఎవరో కదులుతున్నారు. పిట్ట బెదురుతోంది. కాసేపు తెర దించుతారా?"

కిటికీలో ఉన్నది ఆమె అన్న గిబ్బీ. ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాక, సొంత చేతులతో కట్టుకున్న పడవను పక్కనున్న ఆర్క్నీ దీవుల వాళ్లకు అమ్మేశాడు. అది ఇవాళ వెళ్లిపోతుంది. చివరిసారి చూసుకుంటానని పొద్దున్నే కుర్చీ కిటికీ దగ్గరికి వేయించుకున్నాడు.

"పగలు తెర దించితే మా ఊళ్లో..." అని ఆగిపోయింది ఓస్లా. ఇంట్లో చావు జరిగితేనే దించుతారని పరాయివాడితో ఎలా చెప్పడం? గుమ్మంలోకి వచ్చిన మనిషికి కాదని చెప్పడం ఆ దీవిలో ఎవరికీ చేతకాదు. లోపలికి వెళ్లి దించేసింది.

"ఏమే, నేను పోయాననుకున్నావా?" అన్నాడు గిబ్బీ.

"కాసేపే అన్నయ్యా. పిట్ట బెదురుతుందట."

"మరి నా పడవ?"

"ఇంత గాలిలో ఇప్పుడప్పుడే ఎక్కడ కదుల్తుంది?"

"సర్లే. పిట్టకున్న పరపతి నాకెక్కడిది! టీ పెట్టు."

టీ మరుగుతుండగా పొరుగింటి మైమీ ముసలమ్మ నల్లశాలువా కప్పుకుని, రొట్టె పట్టుకుని వచ్చింది. గిబ్బీని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఓరి నీ దుంపతెగ! బతికే ఉన్నావా? తెర చూసి ఏడ్చుకుంటూ వచ్చానురా!"

"తొందరపడ్డావు పిన్నీ. రొట్టె మాత్రం వెనక్కి తీసుకెళ్లకు."

ముగ్గురూ నవ్వారు. కూర్చుంటూ మైమీ మామూలుగా అంది. "నీ పడవ ఇందాకే కొండకొమ్ము దాటిపోయిందిరా. ఎంత సొగసుగా పోయిందనీ!"

గిబ్బీ నవ్వు ఆగిపోయింది. ఓస్లా ఒక్క అంగలో తెర దగ్గరికి వెళ్లింది.

"వద్దులే" అన్నాడతను. "ఉండనీ. మళ్లీ దించే పని తప్పుతుంది."

ఆ తర్వాత రొట్టె ముట్టలేదు. మైమీ వెళ్తూ వెళ్తూ, తెర పిట్ట కోసమేనట, కంగారు పడకండి అని ఊరంతా చెప్పింది.

సాయంత్రానికి పిట్ట ఎగిరిపోయింది. దాని వెనకే మనుషులూ పోయారు. తొక్కేసిన క్యాబేజీలు ఏరుకుని ఓస్లా లోపలికొచ్చేసరికి గిబ్బీ తల ఒక పక్కకు వాలి ఉంది. పిలిచింది. చెయ్యి పట్టుకు చూసింది. అలవాటు కొద్దీ తెర తాడు మీదికి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. దించడానికేం మిగల్లేదు. పిట్ట మీద, ఎర్రకోటు వాడి మీద, అందరికంటే తన మీద అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం దారిన పోయినవాళ్లంతా తెర చూశారు. ఎవరూ తలుపు తట్టలేదు.

కిటికీ గట్టు మీద గిబ్బీ ఇత్తడి దుర్భిణి పూర్తిగా చాచి ఉంది, దాని మూతి తెర గుడ్డకు ఆనుకుని.